ఎనిమిదేళ్లు ఈఈఈ చెప్పాక ఇప్పుడు పీహెచ్‌డీకి వెళ్లాలా, మానాలా?

ఘట్‌కేసర్_మేడమ్
నాకు 33 ఏళ్లు. పవర్ ఎలక్ట్రానిక్స్‌లో ఎం.టెక్ చేశాను. ఊరి చివర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఎనిమిదేళ్లుగా ఈఈఈ పిల్లలకు మెషీన్స్, పవర్ సిస్టమ్స్ చెబుతున్నాను, రెండు ల్యాబులు కూడా నావే. ఈ ఏడు మా బ్రాంచిలో రెండు సెక్షన్లు కాస్తా ఒకటైపోయాయి, ఆ సీట్లు కంప్యూటర్ వైపు వెళ్లాయి. పోయిన వారం పిలిచి, ఫస్టియర్‌కి పైథాన్ చెప్పండి, లేకపోతే మీకు క్లాసులు లేవు అన్నారు. పీహెచ్‌డీ ఉంటే అసోసియేట్ ప్రొఫెసర్‌గా ఆలోచిస్తాం అని కూడా అన్నారు.

నాకు పైథాన్ మీద కోపం లేదు, నేర్చుకుంటాను. కానీ నేను ఈ వృత్తిలోకి వచ్చింది మెషీన్స్ ల్యాబు కోసం. పరిశోధన చేయాలని ఎం.టెక్ నాటి నుంచీ కోరిక. పాప రెండో తరగతి, మావారు సరే అంటున్నారు. ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ వెళ్లాలా, ఉంటూ పార్ట్‌టైమ్ చేయాలా? అసలు హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్‌గా, రీసెర్చర్‌గా బతుకు ఉందా? నెల రోజులుగా ఇదే టెన్షన్.

బస్‌బార్
మా కాలేజీలోనూ అచ్చం ఇదే. నన్ను డేటా సైన్స్ ల్యాబులో కూర్చోబెట్టారు. జవాబుల కోసం నేనూ చూస్తుంటా.

కూకట్‌పల్లి_కిరణ్
సూటిగా చెప్తున్నా మేడమ్, వద్దు. నాదీ ఈఈఈనే, 2011 బ్యాచ్. చివరి ఏడాదిలోనే సాఫ్ట్‌వేర్‌కి వచ్చేశా. మా క్లాసులో ముగ్గురు పీహెచ్‌డీకి వెళ్లారు. ఒకడు ఏడేళ్లు చేసి ఇప్పుడు మీరు చేస్తున్న ఉద్యోగంలోనే ఉన్నాడు. పైథాన్ ఎలాగూ నేర్చుకోమంటున్నారు కదా, అదే పట్టుకుని ఇటు వచ్చేయండి.

ఘట్‌కేసర్_మేడమ్
కిరణ్ గారూ, నా మేలు కోరే చెప్పారు. కానీ సాఫ్ట్‌వేర్‌కి రావాలనుకుంటే ఎనిమిదేళ్ల కిందటే వచ్చేదాన్ని. ఇండక్షన్ మోటర్ మీద బ్లాక్డ్ రోటర్ టెస్టు (రోటర్ తిరగకుండా పట్టి చేసే పరీక్ష) చేయించి, సర్కిల్ డయాగ్రమ్ గీయించినప్పుడు లెక్కా రీడింగూ కలిస్తే పిల్లల మొహం వెలిగిపోతుంది చూడండి, దాని కోసమే ఉన్నాను.

తార్నాక_మాస్టారు
అమ్మా, నేను 1986లో లెక్చరర్‌గా చేరి, రీడరై, ప్రొఫెసర్‌గా రిటైరయ్యాను. నా సంగతి కాస్త పెద్దదే, ఓపికుంటే చదవండి.

మా ల్యాబులో ప్యానెల్ బోర్డు మీద రీడు రకం ఫ్రీక్వెన్సీ మీటరు ఒకటి ఉండేది. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. సన్నటి ఉక్కు రేకులు దువ్వెన పళ్లలా వరసగా ఉంటాయి, చివర్లకు తెల్లరంగు. 47 నుంచి 53 దాకా అర అంకె చొప్పున ఒక్కో రేకు. సప్లై ఫ్రీక్వెన్సీ ఎంతుంటే ఆ రేకు జోరుగా ఊగి, తెల్లటి పట్టీలా కనబడుతుంది. పక్కవి కొద్దిగా వణుకుతాయి. క్లాసులో మన దేశంలో 50 హెర్ట్జ్ అని చెప్పి ల్యాబుకి వస్తే, 90లలో సాయంత్రం పూట 48.5 రేకు ఊగుతుండేది. ఒక కుర్రాడు అడిగాడు, "సార్, పుస్తకం తప్పా, మీటరు తప్పా?"

రెండూ తప్పు కాదు. లోడు ఎక్కువ, ఉత్పత్తి తక్కువ. ఆ భారానికి దక్షిణాది జనరేటర్లన్నీ కలిసి నెమ్మదిస్తున్నాయి. ఆ మాట చెప్పాను గానీ, మరి ఏ రాష్ట్రమూ లోడు ఎందుకు తగ్గించుకోదు, తగ్గించుకునేలా చేయాలంటే ఎలా అన్నది నాకే తెలియలేదు. నా పీహెచ్‌డీ అక్కడ మొదలైంది. 2003లో మన ప్రాంతానికి ఏబీటీ (అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్) అనే ధరల పద్ధతి వచ్చింది. ఒప్పుకున్న దానికంటే ఎక్కువ లాగితే, ఆ క్షణంలో ఉన్న ఫ్రీక్వెన్సీని బట్టి రేటు కట్టాల్సి వచ్చేది. ఫ్రీక్వెన్సీ ఎంత పడితే రేటు అంత పెరిగేది. తర్వాత చూస్తుండగానే ఆ ఊగే రేకు 48.5 నుంచి 49కి, 49.5కి జరుగుతూ వచ్చింది. అది నా గొప్ప కాదు, చాలామంది ఇంజినీర్ల పని. కానీ అది ఎందుకు జరిగిందో పిల్లలకు లెక్కతో చూపించగలిగాను. 2012 జూలై 30, 31 తేదీల్లో గ్రిడ్లు కూలి ఉత్తరాది, తూర్పు, ఈశాన్యం చీకటైనప్పుడు మన ఇళ్లలో లైట్లు ఎందుకు వెలిగాయో కూడా ఆ వారం బోర్డు మీద గీసి చెప్పాను. అప్పటికి మనది విడి గ్రిడ్డు, హెచ్‌వీడీసీతోనే (హై వోల్టేజీ డీసీ లింకులతోనే) వాళ్లతో ముడి. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒక్కటైంది.

ప్రొఫెసర్ ఉద్యోగమంటే క్లాసులు, వాల్యుయేషన్, అక్రిడిటేషన్ ఫైళ్లు, కమిటీలు, ప్రాజెక్టులకు డబ్బు అడగడం. అవన్నీ ఉంటాయి, తప్పవు. వాటన్నిటి కిందా మనదైన ప్రశ్న ఒకటి ఉంటే ముప్ఫై ఏళ్లు ఇట్టే గడిచిపోతాయి. అందుకే మిమ్మల్ని ఒకటే అడుగుతాను. మీ ల్యాబులో గానీ, కాలేజీలో గానీ, మీకు అర్థం కాకుండా మనసులో ఉండిపోయినది ఏదైనా ఉందా?

బస్‌బార్
మాస్టారూ, మా ల్యాబు అటక మీద ఆ రీడు మీటరు ఉంది! పనిచేయదనుకుని పక్కన పెట్టారు. రేపే దుమ్ము దులిపి సప్లైకి కలుపుతా.

తార్నాక_మాస్టారు
వోల్టేజీ రేటింగు చూసి కలపండి నాయనా, కొన్ని 110 వోల్టులవి ఉంటాయి.

కంది_నాలుగో_ఏడు
నేను ఫుల్‌టైమ్ స్కాలర్‌ని, నాలుగో సంవత్సరం. డబ్బు సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెప్తున్నా. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రేటు నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) అయితే 42,000. హెచ్‌ఆర్‌ఏ విడిగా. మొదటి రెండేళ్లు నాకు మూడు నాలుగు నెలలవి కలిపి ఒకేసారి పడేవి. ఆ మధ్యలో ఇంటి అద్దెకు అన్నయ్య దగ్గర తీసుకునేదాన్ని.

పని ఎలా ఉంటుందో కూడా చెప్తా అక్కా. నాది సిలికాన్ కార్బైడ్ మాస్ఫెట్లకు గేట్ డ్రైవర్, అంటే ఆ పవర్ స్విచ్చుల్ని ఆన్ ఆఫ్ చేసే సర్క్యూట్. డబుల్ పల్స్ టెస్టు పెడితే స్కోపు మీద డ్రెయిన్ వోల్టేజీ అంచున విపరీతమైన రింగింగ్ (వోల్టేజీ అలల్లా ఊగడం) వచ్చేది. బోర్డు లేఅవుట్ బాగాలేదనుకుని రెండుసార్లు మళ్లీ చేయించాను. గేట్ రెసిస్టర్ మార్చాను, స్నబ్బర్ పెట్టాను. రెండు నెలలు పోయాయి. ఒక రాత్రి ల్యాబు అసిస్టెంట్ అన్న వచ్చి, ప్రోబుకి వేలాడుతున్న నల్ల గ్రౌండు తీగ చూసి, "ఇంత పొడుగు తీగ ఎందుకమ్మా" అన్నాడు. ఆ తీగ తీసేసి, ప్రోబు కొనకు చిన్న స్ప్రింగు గ్రౌండు తొడిగి చూస్తే సగానికి పైగా రింగింగ్ మాయం. అది బోర్డులో లేదు, నేను కొలిచే పద్ధతిలో ఉంది. నా థీసిస్‌లో కొలతల మీద ఒక అధ్యాయం ఉందంటే ఆ అన్న పుణ్యమే. ఆయన పేరు కృతజ్ఞతల్లో గైడ్ పేరు పక్కనే పెట్టాను.

కూకట్‌పల్లి_కిరణ్
కథ బాగుంది చెల్లీ, నిజంగా. కానీ 33 ఏళ్ల మనిషికి, పాప ఫీజు ఉన్న ఇంటికి, నెలల తరబడి ఆగి వచ్చే 37,000 అంటే ఆలోచించాలి కదా. ఉద్యోగం మానితే ఇన్సూరెన్స్ కూడా పోతుంది. ఆ లెక్క ఎవరూ చెప్పట్లేదు.

విద్యుత్_సౌధ_వెనక
కిరణ్ గారు అన్నదాంట్లో న్యాయం ఉంది. నేను డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఇంజినీర్‌ని, పార్ట్‌టైమ్‌లో చేశాను. యూజీసీ 2022 నియమాల ప్రకారం పార్ట్‌టైమ్‌కి మీ యాజమాన్యం ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇవ్వాలి. కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఆపైన రెండేళ్ల దాకా రీ-రిజిస్ట్రేషన్, ఆడవాళ్లకు ఇంకో రెండేళ్లు సడలింపు. కోర్సు వర్క్ కనీసం 12 క్రెడిట్లు. ఆ ఒక్క సెమిస్టరే కాస్త కష్టం, సెలవులన్నీ దానికే అయిపోయాయి.

నా టాపిక్ నా ఉద్యోగంలోంచే వచ్చింది. పల్లెల్లో వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు అన్ని కాలిపోతున్నాయని. ఓవర్‌లోడు అని రిజిస్టర్లో రాసి పారేసేవాళ్లం. నేను ఒక సబ్‌స్టేషన్ దగ్గర కూర్చుని కరెంటు రికార్డు చేస్తే, సప్లై తిరిగి వచ్చిన మొదటి క్షణాల్లోనే అసలు దెబ్బ పడుతోంది. ప్రతి బోరు మోటరుకీ ఆటో స్టార్టరు ఉంది. కరెంటు రాగానే అన్ని మోటర్లూ ఒక్కసారే లేస్తాయి. ఒక్కోటి ఫుల్‌లోడ్ కరెంటుకి అయిదారు రెట్లు లాగుతుంది. రైతుని తప్పుపట్టలేం, రాత్రి రెండింటికి పొలానికి పోయి పాముల మధ్య స్విచ్చి వేయడం కంటే ఆటో స్టార్టరే నయం కదా. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆటో స్టార్టర్లు తీసేయమని మా వాళ్లు ఊరూరా తిరిగారు. ఆ మార్పుకు ముందూ తర్వాతా ఉన్న రికార్డులే నా థీసిస్.

స్లిప్‌రింగ్
పార్ట్‌టైమ్ అయినా ఫుల్‌టైమ్ అయినా ఒక గోతిలో పడకండి. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలు బోలెడున్నాయి. మా దగ్గర ఒకాయన అలాంటివి పద్నాలుగు వేశారు, ఇంటర్వ్యూలో ఒక్కదాని గురించీ రెండో ప్రశ్నకు నిలబడలేకపోయారు.

ఇంకోటి, మన డిస్ట్రిబ్యూషన్ వాళ్ల అలవాటు. 33 బస్సుల (బస్సంటే లైన్లు కలిసే చోటు) టెస్టు సిస్టమ్ తీసుకోవడం, 202.67 కిలోవాట్ల నష్టాల దగ్గర మొదలుపెట్టడం, ఏదో ఒక జంతువు పేరున్న అల్గారిథమ్‌తో తగ్గించడం. తోడేలు అయింది, తిమింగలం అయింది, గబ్బిలం అయింది. జూపార్కులో మిగిలినవి ఏవో చూసుకుని మరీ టాపిక్ పెడుతున్నారు.

బస్‌బార్
నా ఎం.టెక్ గబ్బిలమే 😄

కాంట్రాక్ట్_పన్నెండేళ్లు
అందరూ చేయడం గురించే చెబుతున్నారు, చేశాక ఏంటో నేను చెప్తా. నాకు పీహెచ్‌డీ వచ్చి తొమ్మిదేళ్లు. ఒక విశ్వవిద్యాలయంలో పన్నెండేళ్లుగా కాంట్రాక్ట్ మీద ఉన్నాను. ఏడో వేతన సంఘం పట్టికలో అసిస్టెంట్ ప్రొఫెసర్ లెవెల్ 10లో మొదలు, బేసిక్ 57,700. అసోసియేట్ 13ఏ, 1,31,400. ప్రొఫెసర్ లెవెల్ 14, 1,44,200. ఆ పట్టిక నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే దాంట్లోకి అడుగుపెట్టే నోటిఫికేషన్ కోసం ఇన్నాళ్లుగా చూస్తున్నా. వచ్చిందంటారు, కోర్టులో ఆగిందంటారు, మళ్లీ మొదటికి. రెగ్యులర్ వాళ్లు చెప్పే పేపర్లే నేనూ చెబుతాను, వాళ్లు దిద్దే కట్టలే నేనూ దిద్దుతాను.

మానేయొచ్చు కదా అని ఇంట్లో అడుగుతారు. పోయిన ఏడాది నా దగ్గర ప్రాజెక్టు చేసిన పిల్ల ఈ-ఆటో మోటరు కంట్రోలరు సొంతంగా వైండింగ్ నుంచి అర్థం చేసుకుని కట్టింది. ఇప్పుడు ఆ పనే చేసే కంపెనీలో ఉంది. ఆదివారం ఫోన్ చేసి, సార్, హాల్ సెన్సర్ (రోటర్ ఎక్కడుందో చెప్పేది) సీక్వెన్స్ తిరగబడితే మీరు చెప్పిన గుర్తుతోనే పట్టుకున్నా అంది. అలాంటి ఫోను వచ్చిన రోజు మానలేను. కానీ మేడమ్, ఆ జీతాల పట్టిక చూసి మాత్రం పీహెచ్‌డీలో చేరకండి.

కూకట్‌పల్లి_కిరణ్
ఈ ఒక్క పోస్టు నేను రాసిన రెండింటి కంటే బలంగా ఉంది. సార్‌కి దండం.

సైనిక్‌పురి_ప్రొఫెసర్
ఘట్‌కేసర్ మేడమ్, నేనూ ఇద్దరు పిల్లలతో పార్ట్‌టైమ్ చేశాను. చిన్నవాడు ఎల్‌కేజీ. పొద్దున నాలుగింటికి లేచి ఆరింటి దాకా, అంతే నా రీసెర్చ్ సమయం. ఆ రెండు గంటల్లో కోడ్ రన్ పెట్టి, క్యారేజీలు కట్టేటప్పుడు మధ్యమధ్యలో వచ్చి చూసుకునేదాన్ని. అయిదున్నరేళ్లు పట్టింది. మా అత్తగారు లేకపోతే అయ్యేది కాదు, అది ఒప్పుకోవాలి.

మీరు ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఉన్నారు కాబట్టి క్యూఐపీ (అధ్యాపకుల కోసం ఉన్న క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్) గురించి కనుక్కోండి. కాలేజీ స్పాన్సర్ చేస్తే ఉద్యోగంలో ఉంటూనే పెద్ద సంస్థలో ఫుల్‌టైమ్ చేయొచ్చు. స్పాన్సర్ చేయడానికి యాజమాన్యాలు తటపటాయిస్తాయి, అయినా రాతపూర్వకంగా అడగండి. గేట్ స్కోరు మూడేళ్లే చెల్లుతుంది, మీది అయిపోయి ఉంటుంది. మళ్లీ రాయండి. ఎనిమిదేళ్లు మెషీన్స్ చెప్పినవాళ్లకు ఆ పేపరు భయపడేది కాదు, మ్యాథ్స్ ఒక్కటి దులుపుకోవాలి.

తార్నాక_మాస్టారు
స్లిప్‌రింగ్ గారూ, జంతువుల అల్గారిథమ్‌ల మీద నాకూ అసహనమే, కానీ తప్పు వాటిది కాదు. ప్రశ్న లేకుండా పద్ధతి పట్టుకోవడమే తప్పు. 33 బస్సుల సిస్టమ్ ఎంతమందికో లోడ్ ఫ్లో (ఏ లైన్లో ఎంత పవర్ పారుతుందో లెక్కగట్టడం) నేర్పింది.

గైడ్‌ని ఎంచుకోవడం గురించి ఒక మాట. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురి దాకా స్కాలర్లు ఉండొచ్చు. ఎంతమంది ఉన్నారో అడగండి. పూర్తి చేసినవాళ్లను అందరూ పరిచయం చేస్తారు, మధ్యలో మానేసినవాళ్లతో మీరు వెతికి మాట్లాడండి. చెప్పకుండా సాయంత్రం ఆరింటికి ల్యాబుకి వెళ్లండి. ఎవరైనా పని చేస్తున్నారా, పరికరాల మీద గుడ్డ కప్పి ఉందా, అది చాలు.

ఉప్పల్_ఇంపల్స్
ఎవరూ అనని మాట ఒకటి. రీసెర్చ్ అంటే ప్రొఫెసర్ కుర్చీ ఒక్కటే కాదు, ముఖ్యంగా మన ఊళ్లో. ఉప్పల్ వైపు సీపీఆర్‌ఐ (సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) వాళ్ల అల్ట్రా హై వోల్టేజీ ల్యాబు ఉంది. బీహెచ్‌ఈఎల్‌కి ఆర్ అండ్ డీ ఉంది, డీఆర్‌డీఓ ల్యాబులున్నాయి. నేను హై వోల్టేజీ పరీక్షల వైపు పనిచేశాను. పిడుగు లాంటి వోల్టేజీ పుట్టించే ఇంపల్స్ జనరేటర్ మెట్లుమెట్లుగా ఛార్జయి ఒక్కసారి పేలినప్పుడు ఛాతీలో తగులుతుంది ఆ శబ్దం. స్క్రీను మీద మాత్రం ముద్దుగా 1.2/50 మైక్రోసెకన్ల గీత, 1.2లో ఎగసి 50కి సగానికి దిగుతుంది. పిడుగుని పెంచుకున్నట్టు ఉంటుంది.

ఏఎస్‌రావునగర్_వాసి
మా కాలనీ పేరే ఆ మాట చెబుతుంది. ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) స్థాపించిన ఎ.ఎస్. రావు గారి పేరు అది. 1967లో సంస్థ పుట్టింది. పిల్లలు రోజూ ఆ బస్టాపులో దిగుతారు, ఆయనెవరో తెలియదు.

ఇంకొకరు విద్యాసాగర్ గారు. మాతుకుమల్లి విద్యాసాగర్, గుంటూరులో పుట్టారు. కంట్రోల్ థియరీలో ప్రపంచంలో పెద్ద పేరు. విదేశాల్లో ప్రొఫెసర్, బెంగళూరులో రక్షణ పరిశోధన ల్యాబు డైరెక్టర్, తర్వాత హైదరాబాద్‌లో టీసీఎస్, మళ్లీ యూనివర్సిటీ, మన ఐఐటీ హైదరాబాద్. 2012లో రాయల్ సొసైటీ ఫెలో. యూనివర్సిటీ, ప్రభుత్వ ల్యాబు, కంపెనీ, మళ్లీ యూనివర్సిటీ. 33లో మలుపు తీసుకుంటే ఆలస్యమైనట్టు కాదు.

ఘట్‌కేసర్_మేడమ్
అందరి పోస్టులూ రెండేసి సార్లు చదివాను. మాస్టారూ, మీ ప్రశ్న మూడు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. ఒకటి ఉంది. చిన్నదే, నవ్వకండి.

మా కాలేజీ మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టారు. మామూలు రోజుల్లో బాగానే పనిచేస్తాయి. ఆదివారాలు, పండగ సెలవుల్లో మాత్రం సరిగ్గా మధ్యాహ్నం ఇన్వర్టర్లు ఆగిపోతాయి. ఎండ మండిపోతుంటుంది, ఉత్పత్తి సున్నా. కంపెనీ వాళ్లు వచ్చేది వర్కింగ్ డే కాబట్టి వాళ్లకి అంతా బాగుంటుంది. ఏడాదిగా ఇంతే. వోల్టేజీ పెరుగుతోందని నా అనుమానం.

విద్యుత్_సౌధ_వెనక
మేడమ్, ఇందులో నవ్వేదేముంది! మీ అనుమానం నిజమే అయ్యుంటుంది. మీది 11 కేవీ నుంచి 433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరై ఉంటుంది. 433ని రూట్ 3తో భాగిస్తే ఫేజుకి 250. అంటే లోడు లేకుండానే 250 దగ్గర మొదలు. ఆదివారం ఏసీలు లేవు, ల్యాబులు లేవు, కరెంటు వెనక్కి తోస్తోంది. ఇంకాస్త ఎక్కి ఇన్వర్టర్ హద్దు దాటుతుంది. మీ ఒక్క కాలేజీకైతే సప్లై ఆపి ట్యాపు (ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని ఎక్కువ తక్కువ చేసే అమరిక) ఒక మెట్టు మారిస్తే తగ్గిపోవచ్చు.

అసలు ప్రశ్న తర్వాతది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన, ఇళ్ల మీద సోలార్ పెట్టే సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. ఒక కాలనీలో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ముప్ఫై ఇళ్లకు సోలార్ ఉంటే మధ్యాహ్నానికి సరిపోయే ట్యాపు, రాత్రి ఎనిమిదింటికి చివరి ఇంటి ఫ్యాను తిరగనివ్వదు. రియాక్టివ్ పవర్‌తో వోల్టేజీ సర్దుదామంటే ఎల్‌టీ (ఇళ్లకు వచ్చే తక్కువ వోల్టేజీ) తీగల్లో రియాక్టెన్స్ కంటే రెసిస్టెన్సే ఎక్కువ, పెద్ద లైన్లలో పనిచేసినంతగా పనిచేయదు. మాకు రోజూ వచ్చే ఫిర్యాదు ఇది.

తార్నాక_మాస్టారు
మీ రేకు దొరికిందమ్మా. ఇప్పుడు కొలవండి.

కూకట్‌పల్లి_కిరణ్
నా అభిప్రాయం మారలేదు, ఉద్యోగం మానొద్దు. కానీ ప్రతి పది సెకన్లకి వోల్టేజీ రికార్డు చేసే చిన్న లాగర్ కోడ్ నేను రాసిస్తా మేడమ్. పైథాన్‌లోనే 🙂

ఘట్‌కేసర్_మేడమ్
కిరణ్ గారూ, తప్పకుండా కావాలి. ఈలోపు నిన్న ఆదివారం పాపని తీసుకుని కాలేజీకి వెళ్లాను. వాచ్‌మన్ తాళం తీశారు. ఇన్వర్టర్ హద్దు 264కి పెట్టి ఉంది. మల్టీమీటర్ నేను పట్టుకున్నాను, పాప నోట్‌బుక్కులో రాసింది. 11:20కి 257. 11:40కి 260. 12:05కి 263. 12:15కి టక్కుమని రిలే శబ్దం, ఇన్వర్టర్ ఆగింది, మీటరు 252కి పడిపోయింది. అయిదు నిమిషాలకు మళ్లీ కలిసింది, మళ్లీ ఎక్కింది, మళ్లీ ఆగింది. గంటలో నాలుగుసార్లు. "అమ్మా, అది ఊపిరి తీసుకుంటోందా" అని అడిగింది పాప.

ఎన్‌ఓసీకి, క్యూఐపీ స్పాన్సర్‌షిప్‌కి రెండు ఉత్తరాలూ ఇవాళ ఇచ్చేశాను. గేట్‌కి కూడా రాస్తాను.

తార్నాక_మాస్టారు
మూడు ఫేజులూ కొలిచారా, ఒక్కటేనా? ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇన్వర్టర్ దాకా కేబుల్ పొడవెంత, సైజెంత? వచ్చే ఆదివారానికి అవి కూడా రాసి పెట్టండి. పాప నోట్‌బుక్కు జాగ్రత్త.